సైనిక కూటమి పాఠం చెప్పిన ఆఖరి ఏడాది

పాతబస్తీలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మొన్న, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి ఇంటికొచ్చింది. అంతర్జాతీయ సంబంధాల పేపర్ ఆమెకు అప్పజెప్పారట. "మేడమ్, సైనిక కూటముల పాఠం ఎట్ల చెప్పాలె? లాభాలు గివి, నష్టాలు గివి అని రాయిస్తే సాలదా?" అని అడిగింది.

చాలన్నాను. టీ తాగి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక నా జవాబు నాకే నచ్చలేదు. నేనూ చాలా ఏళ్ళు అలాగే రాయించాను. పిల్లలూ రాసుకున్నారు, మార్కులూ వచ్చాయి. కానీ ఆఖరి ఏడాది జరిగింది ఆమెకు చెప్పకుండా పంపేశాను. అది ఇక్కడ రాస్తున్నాను. ఆ పాఠం ఎలా చెప్పాలో చివరికి నాకు తెలిసిపోయిందని మాత్రం ఆశపడకండి. తెలుసనుకున్నది ఎలా చెదిరిందో చెప్పగలను, అంతే.

నల్లా దగ్గరి ఒప్పందం

పుస్తకంలో ఉన్న మాటలు పుస్తకంలో ఉన్నట్టే చదివితే మధ్యాహ్నం తరగతి నిద్రపోతుంది. అందుకని నేను మా చిన్నప్పటి గల్లీ కథ చెప్పేదాన్ని.

మేము పురానాపూల్ దగ్గర ఒక గల్లీలో ఉండేవాళ్ళం. మా నాన్న ప్రభుత్వ ముద్రణాలయంలో అక్షరాలు కూర్చేవాడు. గల్లీ మొత్తానికి ఒకటే నల్లా. పక్క గల్లీవాళ్ళు వచ్చి మా బిందెలు పక్కకు నెట్టి నీళ్ళు పట్టుకుపోయేవారు. ఒకనాడు మా నాన్న, పక్కింటి రహీం చాచా, ఎదురింటి యాదమ్మ పెద్దమ్మ ఒక మాట అనుకున్నారు. తమలో ఎవరి బిందె నెట్టినా మూడిళ్ళవాళ్ళూ బయటికి రావాలి. ఆ మాట పక్క గల్లీకి తెలిసింది. నెట్టడం ఆగిపోయింది. ఎవరూ చెయ్యి ఎత్తాల్సిన అవసరమే రాలేదు.

అది లాభం. నష్టం యాదమ్మ పెద్దమ్మ కొడుకు నర్సింగ్ రూపంలో వచ్చింది. వెనక మూడిళ్ళున్నాయన్న ధైర్యంతో అతనే వెళ్ళి అవతలివాళ్ళతో లొల్లి పెట్టుకొచ్చేవాడు. ఒకసారి మా నాన్న అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి నుదురు పగిలి తిరిగొచ్చాడు.

"ఆడు వెట్టుకున్న లొల్లికి నువ్వెందుకు పోవాలె?" అని అమ్మ అరిచింది.

"మాటిచ్చినం గదనే. ఇయ్యాల నేను పోకుంటే రేపు మనకెవడొస్తడు?" అన్నాడు నాన్న, నుదుటికి పసుపు అద్దుకుంటూ.

ఈ కథ చెబితే సగం పాఠం అయిపోయేది. ఒకరి మీద దాడి అందరి మీద దాడే అన్న మాటకున్న బలం పిల్లలకు అర్థమయ్యేది. ఆ మాట ఇచ్చినవాడు ఎవరెవరి తగవుల్లోకి వెళ్ళాల్సి వస్తుందో కూడా అర్థమయ్యేది. చివర ఒక చర్చ పెట్టేదాన్ని. మీదొక చిన్న దేశం, పక్కన ఒక పెద్ద దేశం, కూటమిలో చేరతారా చేరరా, చేతులెత్తండి. ఎప్పుడూ చేరతామనేవాళ్ళే ఎక్కువ. అప్పుడు నేను, ఏ కూటమిలోనూ చేరకుండా మన దేశం నడిచిన దారి గురించి చెప్పి గంట ముగించేదాన్ని. పాఠం బాగా కుదిరిందని తృప్తిగా స్టాఫ్ రూముకు వెళ్ళేదాన్ని.

జల్మాయ్ ప్రశ్న

నా ఆఖరి ఏడాది తరగతిలో జల్మాయ్ అనే అఫ్గాన్ అబ్బాయి ఉండేవాడు. కాబూల్ నుంచి చదువుకోవడానికి వచ్చి, బహదూర్‌పురాలో మరో ఇద్దరితో కలిసి గది తీసుకున్నాడు. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న ఉర్దూ మాట్లాడేవాడు. ఇక్కడి దోస్తుల దగ్గర నాలుగు తెలుగు ముక్కలు పట్టాడు. అతని మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

కరోనా తర్వాత కళాశాల మళ్ళీ తెరిచిన కొత్త రోజులవి. కొద్దిరోజుల ముందే అతని దేశంలో ప్రభుత్వం కూలిపోయింది. ఏళ్ళ తరబడి అక్కడ ఉన్న అమెరికా సైన్యం, దాని కూటమి దేశాల సైన్యాలు వెళ్ళిపోయాయి. పేపర్లలో చదివాను, టీవీలో చూశాను. అతన్ని పలకరించాను కూడా. బాగానే ఉన్నామన్నాడు. నేను నమ్మాను.

ఆ వారం నల్లా కథ చెప్పాను. అందరూ నవ్వారు. జల్మాయ్ లేచి నిలబడ్డాడు.

"మేడమ్, మీ గల్లీలో అద్దెకుండేవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారు. మా ఇంట్లోనే వెనక గదిలో ఒక కుటుంబం ఉండేది."

"ఆ ఒప్పందంలో వాళ్ళున్నారా?"

ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. "ఒప్పందం మూడిళ్ళ మధ్య. కానీ తగవొస్తే వాళ్ళూ మా వెంట వచ్చేవాళ్ళు" అన్నాను.

"దెబ్బలు తిన్నారా?"

"తిన్నారు."

"మీరు ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయాక, వాళ్ళ బిందె నెడితే ఎవరొచ్చారు మేడమ్?"

మేము నిజంగానే ఆ ఇల్లు వదిలి వెళ్ళాం. వెనక గదివాళ్ళు ఏమయ్యారో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. అతను కూర్చున్నాడు. నవ్విన పిల్లలు తలలు దించుకున్నారు.

గంట కొట్టాక అతని పక్కన కూర్చునే మహేశ్ వరండాలో నన్ను ఆపాడు. "మేడమ్, ఆని అన్న యూసుఫ్ ఆడ ఫారిన్ సోల్జర్లకు దుబాసీ పని చేసిండు. వాళ్ళు పోయేటప్పుడు రమ్మన్నరంట. ఏర్‌పోర్ట్ గేటు కాడ జనంల నిలవడి నిలవడి, లోపలికి వోనీక ఇంటికొచ్చిండు. ఇప్పుడు ఏడనో దాక్కున్నడు. ఈడు తింటలేడు, పంటలేడు."

యూసుఫ్ పనిచేసింది ఐరోపాలోని ఒక చిన్న దేశం సైనికుల దగ్గర. ఆ దేశానికి అఫ్గానిస్తాన్‌తో ఏ తగవూ లేదు. అమెరికా మీద దాడి జరిగినప్పుడు కూటమిలో ఇచ్చిన మాట కోసం వెళ్ళారు. వాళ్ళ కుర్రాళ్ళూ అక్కడ చనిపోయారు. వాళ్ళది మా నాన్న కథే. అంతవరకు నా పాఠం సరిగ్గానే ఉంది. కానీ యూసుఫ్‌ను అందులో ఎక్కడ పెట్టాలో ఆ రోజూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఒక మంచి ప్రిన్సిపాల్ గురించి

మా ప్రిన్సిపాల్ హమీద్ సార్ చరిత్ర మనిషి. ఆయనకు మీటింగులంటే పడదు, ఫైళ్ళంటే ఇంకా పడదు. పైవాళ్ళు ఆయన్ని సమర్థుడని ఎప్పుడూ అనలేదు. నా మట్టుకు, ఎందరి కిందో పనిచేశాక, ఆయనే నిజమైన అధికారి అంటాను. అంతకుముందున్న ఒకాయన, తరగతిలో ఎవరైనా సిలబస్‌లో లేని ప్రశ్న అడిగితే కూర్చోబెట్టెయ్యమనేవాడు. కొత్తవాళ్ళకు అలాంటివాళ్ళూ తగులుతారు. వాళ్ళ మాట విన్నట్టు తలూపి మీ తరగతికి మీరు వెళ్ళండి.

జరిగింది చెప్పి, ఆ అబ్బాయికి ఏం జవాబు చెప్పాలో తోచడం లేదన్నాను.

"జవాబు లేకుంటే లేదని చెప్పుండ్రి ఎస్తేరమ్మా. అందులో శరమ్ ఏముంది?" అన్నాడు సార్. "గని ముందుగాల ఆ పోరడు తిన్నడా లేదా అడిగిండ్రా?"

అడగలేదు. ఆ శుక్రవారం నుంచి జల్మాయ్ మధ్యాహ్నం భోజనం హమీద్ సార్ ఇంట్లో. అక్కడ యుద్ధం మాట, కూటమి మాట ఎత్తేవారు కాదట. సార్ తన మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడేవాడట. తనకు అది చాలా హాయిగా ఉండేదని జల్మాయ్ తర్వాత నాతో అన్నాడు.

గేటు దగ్గర స్వప్న

ఫిబ్రవరి చివర్లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. మహేశ్ అక్క స్వప్న అక్కడ మెడిసిన్ చదువుతోంది. వాళ్ళ నాన్న రాజయ్య సిటీ బస్సు డిపోలో మెకానిక్. బిడ్డను డాక్టర్ చేయాలని తన శక్తికి మించి పంపాడు.

బాంబులు పడుతుంటే స్వప్న కొన్ని రోజులు తాను అద్దెకుంటున్న ఇంటి నేలమాళిగలో ఉంది. తర్వాత ఎలాగో రైలెక్కి పడమటి వైపు వచ్చి, పోలండ్ సరిహద్దు గేటు చేరింది. పోలండ్ కూటమిలో ఉన్న దేశం. గేటు దాటితే బాంబుల భయం లేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసినప్పుడు రాజయ్య కళాశాలలోనే ఉన్నాడు. ఏవో కాగితాల మీద ప్రిన్సిపాల్ సంతకం కోసం వచ్చాడు. సార్ గదిలో అందరం ఉన్నాం. మహేశ్ స్పీకర్ పెట్టాడు.

"నాయినా, రెండు లైన్లు చేసిండ్రు. ఉక్రెయినోళ్ళను పంపుతున్నరు, మమ్ముల ఆపిండ్రు. నిన్నటి సంది నిలవడ్డం. మస్తు సలి. కాళ్ళు తెలుస్తలెవ్వు."

"జరంత నిలవడు బిడ్డా" అన్నాడు రాజయ్య. "గేటు దాంక వొయినవ్ గద. ఇగ తెరుస్తరు."

జల్మాయ్ చెయ్యి చాపాడు. మహేశ్ ఫోన్ అతనికిచ్చాడు.

"స్వప్నక్కా, నేను మహేశ్ దోస్తును. నీకు గేటు కనబడుతోందా?"

"కనవడ్తుంది."

"నిన్న ఎంత దూరంలో ఉందో ఇప్పుడూ అంతే దూరంలో ఉందా?"

ఫోన్‌లో గాలి హోరుమంటోంది. "గంతే ఉంది" అంది స్వప్న.

"అయితే అక్కడ ఉండకు. వెనక్కి ఊళ్ళోకి వెళ్ళి, హంగేరీ వైపు పోయే రైలెక్కు. అటు జనం తక్కువని మీ స్టూడెంట్స్ గ్రూపులో రాస్తున్నారు. మహేశ్ చూపించాడు."

రాజయ్య కుర్చీలోంచి లేచాడు. "ఏందిరా నువ్వు జెప్పేది? నా బిడ్డను మల్ల లడాయి దిక్కు పొమ్మంటవా?"

"అంకుల్, గేటు ముందు నిలబడ్డవాడికి గేటు తప్ప ఇంకేం కనబడదు. మా అన్న అట్లే నిలబడ్డాడు."

"మీ అన్న ముచ్చట వేరు! నా బిడ్డ ముచ్చట వేరు!" రాజయ్య నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరు గివన్ని సదువు చెప్పేటోళ్ళు. మీరు జెప్పుండ్రి. ఉండమందమా, పొమ్మందమా?"

ఉద్యోగమంతా పటాల మీద సరిహద్దులు చూపించాను. ఏ దేశం ఏ కూటమిలో ఉందో, ఎందుకు చేరిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. గేటు ముందు ఒక పిల్ల ఉండాలా వెళ్ళాలా అంటే ఆ పటాలు అక్కరకు రాలేదు. గేటుకు అంత దగ్గరికి వచ్చి వెనక్కి పోవడమేమిటి అని ఒకవైపు. యూసుఫ్ కూడా అంతే దగ్గర్లో నిలబడ్డాడు గదా అని ఇంకోవైపు.

హమీద్ సార్ అన్నాడు, "రాజయ్యా, ఆడ నిలవడ్డది బిడ్డ. ఆమెకు కనవడేది మనకు కనవడ్తలేదు. ఆమెనే తేల్చుకోనీ."

"నేను పోతున్న నాయినా" అంది స్వప్న. ఫోన్ ఆగిపోయింది.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున ఆమె ఫోన్ కలవలేదు. రాజయ్య డిపోకు వెళ్ళకుండా కళాశాలకే వచ్చి వరండాలో కూర్చున్నాడు. కబురు ఇక్కడికే వస్తుందని ఎందుకనుకున్నాడో తెలియదు. జల్మాయ్ వరండా అవతలి చివర కూర్చున్నాడు. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు, వదిలి వెళ్ళే ధైర్యమూ లేదు. నేను తరగతికి వెళ్ళి ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్వప్న హంగేరీలో ఉంది. అదీ కూటమి దేశమే. ఎవరో ముసలావిడ వేడి సూప్ ఇచ్చిందట, తాగుతోందట. రాజయ్య "తాగు బిడ్డా, తాగు" అంటూ ఏడ్చాడు. తర్వాత వరండా చివరికి వెళ్ళి జల్మాయ్ తల మీద చెయ్యి పెట్టాడు.

ఇక్కడితో ఆపితే మంచి కథ. కానీ జరిగింది ఇంకొకటుంది. పోలండ్ గేటు దగ్గరే ఉండిపోయిన స్వప్న స్నేహితురాళ్ళు కూడా అదే రోజు దాటారు. వాళ్ళ గేటూ తెరుచుకుంది. మరి జల్మాయ్ చెప్పింది సరైన సలహానా, రాజయ్య చెప్పింది సరైన సలహానా? అందరూ బతికి వచ్చారు కాబట్టి ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు.

నేలమాళిగలో గొడవ

ఇంటికొచ్చి కొంత కోలుకున్నాక మహేశ్ అక్కను తరగతికి తీసుకొచ్చాడు. అంతా మాట్లాడమన్నారు. స్వప్న మొదట బిడియపడింది. తర్వాత తాను అద్దెకున్న ఇంటి యజమానురాలు హలీనా గురించి, ఆమె తమ్ముడి గురించి చెప్పింది.

"నేలమాళిగల మేం ముగ్గురమే మేడమ్. ఆంటీ ఏమంటుండె అంటే, మనం ఎప్పుడో కూటమిల చేరితే గా పక్క పెద్ద దేశమోళ్ళు మన దిక్కు చూడకపోయేటోళ్ళు అని. తమ్ముడేమో, చేరుతం చేరుతం అని లొల్లి చేసినందుకే వాళ్ళొచ్చిండ్రు అనేటోడు. కూటమోళ్ళు చేర్చుకుంటమని చెప్పి చేర్చుకోలే, గందుకే నడుమల చిక్కినం అని. రొట్టె కోసుకుంట కూడా గదే కొట్లాట. పైన బాంబు పడంగనే ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేటోళ్ళు. సప్పుడు ఆగంగనే మల్ల షురూ."

"నీకు ఎవరు చెప్పింది నిజమనిపించింది?" అని అడిగాను.

"ఆంటీ మాట్లాడుతుంటే ఆంటీది నిజమే అనిపిచ్చేది. ఆయన మాట్లాడుతుంటే ఆయనది." మళ్ళీ తనే అంది, "గని మేడమ్, హంగేరీల అడుగువెట్టంగనే సైరన్ లేదు. గదే మంచు, గవే చెట్లు. పిల్లలు సైకిల్ తొక్కుతున్నరు. గది సూసినంక నాకు ఆంటీనే యాదికొచ్చింది."

ఆ రోజు చర్చ పెట్టాను. నిజానికి పెట్టాలని అనుకోలేదు, పిల్లలే అడిగారు. చేరతామన్నవాళ్ళు చాలామంది చేతులెత్తారు. మహేశ్ అందరికంటే ముందు ఎత్తాడు. చేరం అన్నవాళ్ళు కొందరు. జల్మాయ్ ఏ వైపూ ఎత్తలేదు. ఎందుకని అడిగాను.

"చేరతారా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు మేడమ్. వాళ్ళే వచ్చారు, వాళ్ళే పోయారు. నేను ఏ వైపు ఎత్తను?"

మహేశ్ ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు. తర్వాత మళ్ళీ ఎత్తాడు. "నాకైతే మా అక్కనే కనవడ్తుంది రా" అన్నాడు జల్మాయ్‌తో, క్షమించమన్నట్టు.

"ఎత్తు భాయ్. నేనైనా అంతే చేస్తుంటి" అన్నాడు జల్మాయ్ తెలుగులో. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునే ఉన్నారు.

ఎప్పటిలా మన దేశపు దారి చెప్పి ముగిద్దామనుకున్నాను. మనం ఎవరి కూటమిలోనూ లేము కాబట్టి ఇరువైపులా మాట్లాడగలిగాం, మన పిల్లల్ని తెచ్చుకోగలిగాం. ఇది నిజమే. కానీ రేపు మన సరిహద్దులో పెద్ద కష్టమొస్తే, వచ్చి తీరాలన్న మాటకు ఎవరూ కట్టుబడి లేరు. ఇదీ నిజమే. ఎన్నో ఏళ్ళు బయట ఉండి సుఖంగా బతికిన ఫిన్లాండ్ కూడా ఆ యుద్ధం చూసి తర్వాత కూటమిలో చేరింది. మన దారి గొప్పదని అంతవరకు చెప్పినంత ధీమాగా ఆ రోజు చెప్పలేకపోయాను. తప్పని కూడా అనలేను. గంట కొట్టేదాకా అలా నిలబడ్డాను. పిల్లలు వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. అన్నేళ్ళలో ఆ పాఠం మీద పిల్లలు అంతగా మాట్లాడటం అదే మొదటిసారి. అది నా గొప్పతనం కాదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒకటి చెప్పగలను. లాభాలు, నష్టాలు అని రాయించండి, పరీక్ష ఉంది కాబట్టి. కానీ లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని కూడా అడగండి. కూటమి లోపల ఉన్నవాడికి, గేటు బయట ఉన్నవాడికి, కూటమి సైన్యానికి అన్నం వండినవాడికి, దారి చూపినవాడికి ఒకే జవాబు రాదు. ఇంతకంటే నాకు తెలియదు.

యూసుఫ్ ఇప్పుడు

జల్మాయ్ ఇక్కడే ఉన్నాడు. చదువు ముగిశాక ఒక ఆసుపత్రిలో, బయటి దేశాల నుంచి వచ్చే రోగులకు దుబాసీ పని దొరికింది. అన్న పనే తనకూ వచ్చిందని నవ్వుతాడు. తెలుగు ఇప్పుడు బాగా మాట్లాడతాడు. వీలైనప్పుడు నన్ను చూడటానికి వస్తాడు.

యూసుఫ్ చాలాకాలం ఇరాన్‌లో దాక్కొని ఉన్నాడు. చివరికి, తాను ఎవరి దగ్గర పనిచేశాడో ఆ చిన్న దేశమే భార్యాపిల్లలతో సహా రప్పించుకుంది. ఆలస్యంగా తెరిచారు గానీ తెరిచారు. కోపం తెచ్చుకోవాలో కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదని అన్న అంటున్నాడట. అక్కడ ఒక గోదాములో పనిచేస్తున్నాడు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత కూటమిలోని వేరే దేశాల సైనికులు ఆ ఊరికి వచ్చి ఉంటున్నారు, కాపలాగా. వాళ్ళ బండ్లు వీధిలో కనిపిస్తే యూసుఫ్‌కు ధైర్యంగా ఉంటుందట. అంతలోనే, వీళ్ళూ ఒకరోజు వెళ్ళిపోతారేమో అనిపిస్తుందట.

పోయిన నెల అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే జల్మాయ్ కలిశాడు. టీ తాగుతూ అన్న సంగతి ఒకటి చెప్పాడు.

ఒక విదేశీ సైనికుడు ఆ ఊరి మందుల దుకాణంలో ఏదో అడుగుతున్నాడట. దుకాణం ఆవిడకు అతని ఇంగ్లీషు అర్థం కావడం లేదు. వెనక వరుసలో ఉన్న యూసుఫ్ తనకు తెలియకుండానే ముందుకు వెళ్ళి, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాడు. సైనికుడు సంతోషించి, ఇంత మంచి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు.

"మా అన్న ఏమన్నడో తెలుసా మేడమ్? మీ దోస్తుల దగ్గరనే నేర్చుకున్న అన్నడంట. ఆడు నవ్వి, చెయ్యి కలిపి పోయిండంట."

"మిగతాది చెప్పలేదా?"

"చెప్పలే. ఇంటికొచ్చినప్పటి సంది అదే ఫికర్. గేటు ముచ్చట చెప్తే బాగుంటుండెనా, చెప్పకపోవుడే మంచిదా అని నన్ను అడుగుతుండు. మీరైతే చెప్తుంటిరా మేడమ్?"

ఆ సైనికుడికి ఎంత వయసుంటుందని అడిగాను.

"పోరడేనంట. ఇంకా గడ్డం కూడా సరిగ్గ మొలవలే అన్నడు."

అంటే కాబూల్ గేటు మూసుకున్ననాటికి ఆ సైనికుడు ఏదో ఊళ్ళో బడికి వెళ్తూ ఉండి ఉంటాడు.